వావిలాకు కాపడం

నిన్న బూర్గంపాడు సంతలో ఇప్పనూనె వాసన తగలగానే నానమ్మ పాదాలు గుర్తొచ్చాయి. షుగరు వల్ల అవి తిమ్మిరెక్కి, సూదులతో పొడిచినట్టు సలిపేవి. రోజూ బడి నుంచి రాగానే నేను ఇప్పనూనె రాసి, పెనం మీద వేడిచేసిన వావిలాకు మూటతో కాపడం పెట్టేదాన్ని.

ఒకరోజు, “ఏం తెలుస్తలేదు బిడ్డా, ఇంకింత వేడి చెయ్యి,” అంది. మూట నా చేతికి చుర్రుమన్నా ఆమె కదల్లేదు. నానమ్మవి ఎంత గట్టి కాళ్లో అని మురిసిపోయాను.

తెల్లారేసరికి అరికాలి నిండా బొబ్బలు లేచాయి. అమ్మ అడిగితే, “పొయ్యి కాడ నేనే కాల్చుకున్న,” అంది నానమ్మ.

ఇప్పుడు షుగరు నాకూ ఉంది. మా అమ్మాయి మూట తెస్తే ముందు తన మోచేతికి ఆనించి చూడమంటాను. వేడి సంగతి నా కాళ్లను అడగొద్దంటాను.