నూకాలప్పకు నేను తొడిగించిన బూట్లు

మొన్న నా కూతురు బూట్ల పెట్టె ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది. డాక్టరు రోజూ నడవమన్నాడు కదా, ఇవి వేసుకుని నడువు అంది. మూత తీయగానే కొత్త రబ్బరూ జిగురూ కలిసిన వాసన గుప్పుమంది. వెంటనే మూత పెట్టేశాను. నచ్చలేదా అని అడిగితే సైజు సరిపోదన్నాను. నిజానికి సైజు చూడనే లేదు. ఆ వాసనతో నాకు ఇరవై ఏళ్ళ పైబడిన పరిచయం. వన్ టౌన్‌లో ఒక ఇరుకు కొట్లో నా చేతులతో ఏరి, బేరమాడి, ఒక మనిషి కాళ్ళకు తొడిగించిన బూట్ల వాసన అది. ఆ మనిషి పేరు నూకాలమ్మ. మా వైపు అక్కను అప్ప అంటాం. వీధి వీధంతా ఆమెను నూకాలప్ప అనేది.

సముద్రం ఒడ్డు నుంచి చేపల గంప నెత్తిన పెట్టుకుని, ఎర్రటి ఎండలో తారు రోడ్ల మీద వట్టి కాళ్ళతో కంచరపాలెం దాకా నడిచి వచ్చేది. నేనప్పుడు పోర్టులో సరుకు దించే ఖలాసీని. బడి నాకు ఐదో తరగతిలోనే అయిపోయింది. ఇంగ్లీషు నేర్పింది ఓడల నుంచి దిగే పెట్టెల మీద అక్షరాలూ, అట్ట ఊడిన ఒక నిఘంటువూ. వీధిలో ఎవరికి ఏ కాగితం వచ్చినా చదివించుకోవడానికి నా దగ్గరికే వచ్చేవారు. నూకాలప్ప నన్ను 'పంతులూ' అని పిలిచేది. అందులో సగం మర్యాద, సగం వెటకారం. నాకు మాత్రం మొత్తం మర్యాదగానే వినిపించేది.

కూర్మన్నపాలెంలో ఉండే సామ్సన్ నా స్నేహితుడు, ఉక్కు కర్మాగారంలో పని. ఒకరోజు వాడు ఇంగ్లీషులో ఉన్న రూల్సు పుస్తకం ఒకటి పట్టుకుని మా ఇంటికొచ్చాడు. ఏదో కంపెనీ అడ్వెంచర్ రేస్ పెడుతోంది. రెండు రోజులు. అరకు వైపు కొండల్లో పరుగు, కొంత దూరం సైకిళ్ళు, రిజర్వాయరులో పడవ, బండ మీద నుంచి తాడు పట్టుకుని దిగడం, చివరికి భీమిలి ఒడ్డు. జట్టుకు నలుగురు. అందులో ఒకరు ఆడమనిషి కావాలి. నలుగురూ కలిసి చివరిదాకా చేరాలి, ఒక్కరు ఆగిపోయినా జట్టంతా పోయినట్టే. సామ్సన్, వాడి బావమరిది జోసెఫ్, నేను సరిపోయాం. ఆడమనిషి ఎవరన్న దగ్గర ఆగిపోయాం. మా ఆడవాళ్ళను అడగాలన్న ఆలోచన కూడా మాకు రాలేదు. గుమ్మం ముందు కత్తిపీట వేసుకుని చేపలు కోస్తున్న నూకాలప్ప అంతా వింటోంది. మోయాల్సిన బరువెంత అని అడిగింది. వీపు మీద చిన్న సంచి అని చెప్పాడు సామ్సన్.

"మరి నెత్తి మీద?"

"ఏటీ ఉండదప్పా."

ఆమె చెయ్యి ఆగింది. "అయితే నానొత్తాను. నెత్తి మీద ఏటీ లేకుండా రెండ్రోజులు నడిసి సూడాలనుంది."

జోసెఫ్ నవ్వాడు. ఆ నవ్వు, సాధనకని సింహాచలం కొండ ఎక్కిన మొదటి ఆదివారమే పోయింది. మేము సగంలో ఉండగా ఆమె పైన రాయి మీద కూర్చుని కొంగుతో విసురుకుంటోంది. అందరికన్నా వెనకబడేవాణ్ణి నేను. సిగ్గుతో ఇంకా వెనక్కి జరిగేవాణ్ణి. ఆమె దిగొచ్చి, పంతుల్ని ముందరెయ్యండి అని పురమాయించింది. నలుగురిలో నన్ను ఎగతాళి చేస్తోందని ఒళ్ళు మండింది. ఆమె నా మొహం చూసి చెప్పింది. ఒడ్డు నుంచి ఆడవాళ్ళంతా గంపలతో వరసగా బయలుదేరినప్పుడు ఒంట్లో బాగోలేనిదాన్ని, అలిసినదాన్ని ముందు నడిపిస్తారట.

"ఎనకుంటే ఎక్కడ సతికిలబడిందో ఎవలికి తెలుత్తాది? ముందరుంటే దాని కాళ్ళు అందరికీ కనపడతాయి."

నా బతుకులో నన్ను వెనక్కి నెట్టినవాళ్ళే గాని, నా కాళ్ళు కనపడాలని ముందు నిలబెట్టినవాళ్ళు లేరు. తర్వాత పోర్టులో మేస్త్రీనయ్యాక, ఎవడి చెయ్యి నెమ్మదో వాణ్ణే తాడు దగ్గర మొదట నిలబెట్టేవాణ్ణి. ఆ పద్ధతి నా సొంతమని మెచ్చుకున్న ఆఫీసర్లున్నారు. నేను కాదనలేదు.

ఆ ఇంగ్లీషు పుస్తకాన్ని జట్టు నాకు అప్పగించింది. అది నాకు దక్కిన పదవి. అందులో ఉండాల్సిన సామాను జాబితా ఉంది. హెల్మెట్, ఈల, తాడు, కట్టు గుడ్డలు, బూట్లు. బూట్లు తప్పనిసరి అన్న చోట నాకు అంతా అర్థమైపోయింది. బూట్లు లేకుండా నడిస్తే జట్టునే తీసేస్తారని తీర్పు చెప్పాను. తన కాళ్ళకు బూట్లేమిటని నూకాలప్ప గునిసింది. రూలు రూలే అన్నాను.

రేసులో సైకిళ్ళు జట్టుకు రెండే. ఇద్దరు తొక్కుతుంటే ఇద్దరు పరిగెత్తాలి. ఆమెకు సైకిలు రాదు కాబట్టి ఆ దూరమంతా పరుగే. రిజర్వాయరులో బూట్లు తడిశాయి, ఇసుక చేరింది. రెండో రోజు మధ్యాహ్నం ఒక గెడ్డ నీళ్ళ పక్కన ఆమె కూర్చుని ఎడమ బూటు విప్పింది. మడమ మీద తోలు లేదు. కాసేపు దాన్ని చూసుకుని, నెమ్మదిగా అడిగింది.

"పంతులూ, పొత్తకం మళ్ళీ ఓసారి సూడు. తొడుక్కునే నడవాలని ఉందా, కూడా ఉంటే సాలని ఉందా?"

పుస్తకం నా సంచి పై జేబులోనే ఉంది, ప్లాస్టిక్ కవరులో చుట్టి. చెయ్యి చాస్తే అందుతుంది. సామ్సన్, జోసెఫ్ నా వైపు చూస్తున్నారు.

"చదివేను కదప్పా. నా చదువు మీద నమ్మకం లేదా?"

ఆమె కాలు బూటులోకి తోసి తాడు బిగించింది. "సరే. ముందర నానుంటాను."

అప్పకు కొత్త ఊపొచ్చిందన్నాడు జోసెఫ్. నేనూ తలాడించాను. ఆమె నేర్పిన వరసలో ముందు నడిచేది ఎలాంటి మనిషో మా ముగ్గురికీ తెలుసు. ఒక్కడూ గుర్తు తెచ్చుకోలేదు. భీమిలి దగ్గర పడుతోంది కదా.

ఏడో జట్టుగా చేరాం. ఒడ్డున టోపీలు, ఫ్లెక్సీలు, మైకు. ఒక పెద్దమనిషి స్త్రీశక్తి గురించి ఊదరగొట్టాడు. ఎదురుగా ఇసుకలో కూలబడిన ఆడమనిషి పేరేమిటని అడగలేదు. మర్నాడు పేపర్లో ఫొటో కింద మా ముగ్గురి పేర్లూ వేసి, ఆమెను 'మత్స్యకార మహిళ' అని సరిపెట్టారు. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు. కానీ ఆ కోపం చాటున నేను చాలా కాలం దాక్కున్నాను.

ఎందుకంటే మా వెనకే కొండ ఊళ్ళ జట్టొకటి వచ్చింది. నలుగురివీ వట్టి కాళ్ళే. బూట్లు తాళ్ళతో ముడేసి మెడలో వేసుకున్నారు. రిఫరీ వేలితో నాలుగు జతలు లెక్కపెట్టి సంతకం పెట్టాడు. నేను అప్పుడు పుస్తకం తీశాను. బూట్లు రేసు పొడుగునా ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి, అంతే. తొడుక్కోవాలని ఎక్కడా లేదు. తలెత్తి చూస్తే నూకాలప్ప ఆ మెడల్నే చూస్తోంది.

పుండు మానలేదు. షుగరుందని అప్పుడే బయటపడింది. రెండు వేళ్ళు తీసేశారు. కంపెనీకి ఉత్తరం రాస్తే, ఏం జరిగినా బాధ్యత తమదేనని పోటీదారులు ముందే ఒప్పుకున్నారని జవాబొచ్చింది. ఆ కాగితం మీద ఆమె చేత వేలిముద్ర వేయించింది కూడా నేనే. గంప ఎత్తే బతుకు ఆగిపోయింది. మార్కెట్లో ఒక మూల కూర్చుని, వేరేవాళ్ళు అమ్మిన చేపల్ని కోసిపెట్టేది.

ధైర్యం కూడగట్టుకోవడానికి నాకు ఆరు నెలలు పట్టింది. పుస్తకం తీసుకెళ్ళి ఆమె ముందు కూర్చుని ఆ లైను చదివి, తెలుగులో చెప్పాను. ఆమె పొలుసు గీకడం ఆపలేదు.

"తెలుసు. ఆ దినమే సూసేను కదా. నీకు ఇంగిలీసు సరిగ్గా రానందుకు కాదు పంతులూ నా బాధ. నానడిగినప్పుడు తీసి సూడనందుకు. సంచి నీ సేతి కిందే ఉంది." చేపను తిరగేసి అంది, "జరుగు బాబూ, ఎనకాల బేరం నిలబడింది."

ఆ తర్వాత నన్నెప్పుడూ పంతులూ అనలేదు. చేపలు కోయించుకోవడానికి వచ్చే అందరిలాగే నేనూ బాబునే. నాలుగేళ్ళ క్రితం పోయింది. అప్పటికీ బాబునే.

ఇప్పటికీ నా దగ్గరికి కాగితాలు వస్తూనే ఉన్నాయి. ప్రతి కాగితమూ రెండుసార్లు పైకి చదువుతాను. తెలియని చోట వేలు పెట్టి, ఇది నాకు తెలియదు అని చెబుతాను. విసుక్కుని ఇంకొకరి దగ్గరికి పోయేవాళ్ళున్నారు, పోనీ. నిన్న కూర్మన్నపాలెం నుంచి ఒక కాంట్రాక్టు కార్మికుడు నోటీసు పట్టుకుని వచ్చాడు. రెండుసార్లూ విన్నాక మొహమాటపడుతూ, "ఏటీ అనుకోకండి బాబూ, మళ్ళీ ఓసారి సూత్తారా?" అన్నాడు.

కళ్ళద్దాలు తుడుచుకుని మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టాను. వెళ్తూ దణ్ణం పెట్టాడు. అందుకోవడానికి నాకు చేతులు రాలేదు. బూట్ల పెట్టె మంచం కిందే ఉంది.