మాస్టారు కొలిచిన మెట్లు

మాస్టారు అంటే బడిపంతులు కాదు, టైలరు. నలభై రెండేళ్లు ఒకే గదిలో, ఒకే కత్తెరతో బతికిన మనిషి. ఆయన గురించి ముందుగా చెప్పుకోవాల్సింది ఏమిటంటే, చెప్పి ఎవరి కొలతా తీసుకునేవాడు కాదు. "టేపు కనపడగానే మనిషి పొట్ట లోపలికి పీల్చుకుంటాడు. ఆ పొట్టకి కుట్టి ఇస్తే, అన్నం తిని లేచేసరికి గుండీ ఎగిరిపోతుంది," అనేవాడు. అందుకని వచ్చినవాణ్ణి మాటల్లో పెట్టి, పిల్లల చదువులూ ఇంటి అద్దెలూ అన్నీ అడిగి, వాడు తనను తాను మరిచిపోయి ఊపిరి వదిలాక, అప్పుడు నడుం చుట్టూ టేపు తిప్పేవాడు.

ఇంకో గుణం కూడా ఉంది. కొలతకి మించి అంగుళం గుడ్డ వదిలేవాడు కాదు. వదలడమంటే కొలవడం చేతకాక చేసే పని అని ఆయన గట్టి నమ్మకం.

ఆ గదిలోనే కిటికీ పక్క చిన్న స్టూలు మీద కూర్చుని ఆయన భార్య చొక్కాలకి కాజాలు తీసేది. చొక్కాకి ఏడు కాజాలు, రోజుకి పది పన్నెండు చొక్కాలు. ఆవిడ పేరు ఎవరికీ పట్టలేదు, అందరికీ కాజాలక్కే. చిన్నపిల్లల ప్యాంట్లు వచ్చినప్పుడు మాత్రం మాస్టారు అటు తిరగ్గానే బట్ట మీద ఆయన గీసిన సుద్దగీత చెరిపి రెండంగుళాలు కిందికి గీసేది. ఆ గుడ్డంతా లోపలికి మడిచి కుట్టేది, పిల్లాడు ఎదిగితే విప్పుకోవచ్చని. ఈ దొంగతనం మాస్టారికి తెలియక కాదు. తెలిసే, కొత్త గీత మీదే కత్తెర పెట్టేవాడు.

ఆరు రోజులు మెడ వంచుకుని సూది పట్టిన మనిషికి ఏడో రోజు ఒకటే కోరిక, ఈత. "నీళ్లలో ఉన్నంతసేపూ నన్నెవరూ ఏమీ అడగరు," అనేది. ఊరు మారిపోతున్న ఒక డాక్టరు తన పాత మోటారు బోటు అమ్మేస్తానంటే మాస్టారు కొన్నది అందుకే. ఆయనకి ఈత రాదు. నీళ్లంటే భయం కూడా. అయినా ఇరవై ఏళ్లు ప్రతి ఆదివారం ఊరి పక్క సరస్సు మధ్యలోకి బోటు తోలుకెళ్లి ఇంజను ఆపి, టోపీ పెట్టుకుని స్టీరింగు దగ్గర కూర్చునేవాడు. దూరంగా ఆవిడ తల చిన్న గుండీ అంత కనపడుతుంటే, కళ్లు దాని మీంచి తీసేవాడు కాదు. అంత ప్రేమ ఆయనకి. నోటితో మాత్రం ఏనాడూ చెప్పలేదు.

పోయిన ఏడాది వేసవిలో వచ్చింది తంటా. బోటు వెనక చివర నీళ్లకి కాస్త పైన ఒక పలక ఉంటుంది, దాని అంచున నీళ్లలోకి దిగే ఇనుప మెట్లు. ఈదొచ్చిన ఆవిడ కింది మెట్టు మీద కాలు పెట్టి లేచింది. తుప్పు తిన్న మెట్టు పుటుక్కున విరిగింది. ఆవిడ మోకాళ్లు అప్పటికే అంతంతమాత్రం. ఆ రోజు బోటులో ఉన్న కూతురు ఒక చెయ్యి, మాస్టారు ఒక చెయ్యి పట్టుకుని, సిమెంటు బస్తాని లాగినట్టు లాగి పైన పడేశారు. పక్క బోటులో ఎవరో చప్పట్లు కొట్టారు. ఆవిడ కూడా నవ్వింది. నవ్వి, చేతుల మీద ఎర్రగా కమిలిన చోట్లు తువ్వాలుతో కప్పుకుని ముందుకెళ్లి కూర్చుంది. ఆ తర్వాత ఏడాది పాటు బోటు మాట ఎత్తలేదు.

ఈ వేసవి మొదట్లో మాస్టారే కదిపాడు.

"ఏమే, కొత్త మెట్లు వేయిస్తాను. వస్తావా?"

ఆవిడ చేతిలో పని ఆపింది. "వేయించండి. కానీ ఒక్కమాట. నేను ఎక్కేటప్పుడు ఎవరూ చెయ్యి ఇవ్వకూడదు. మీరూ అమ్మాయీ ముందు సీట్లలోంచి లేవకూడదు, వెనక్కి తిరిగి చూడనూకూడదు. నా అంతట నేను ఎక్కగలిగితే సరే. లేదంటే రేవు దాకా ఈదుకుంటూ పోతాను, మీరు బోటు అమ్మేయండి. నన్ను ఇంకోసారి లాగించుకోలేను."

ఆ రాత్రి మాస్టారికి సరిగ్గా నిద్ర పట్టలేదు. బోటు పోతుందని కాదు బెంగ. ఆవిడ ఆదివారాలు పోతాయని.

మర్నాటి నుంచి కొలత మొదలైంది. చెప్పి కొలిస్తే ఆవిడా పొట్ట పీల్చుకునే రకమే, అంటే మోకాలు నొప్పి లేనట్టు నటించే రకం. కాబట్టి దొంగచూపులు. కుట్టు గదికి వెళ్లే మెట్లు ఒక్కోటి ఏడంగుళాల ఎత్తు, వాటిని ఆవిడ మాట్లాడుతూనే ఎక్కుతోంది. వంటింట్లో పీట పదంగుళాలు, దాని మీదికి గోడకి చెయ్యి ఆన్చి ఎక్కుతోంది. బస్సు మెట్టు పధ్నాలుగు. అక్కడ మాత్రం సంచీలో ఏదో వెతుకుతున్నట్టు నిలబడి, అందరూ ఎక్కేశాక రెండు చేతులతో కమ్మీ పట్టుకుని ఎక్కుతోంది. ఎప్పుడూ ఎడమకాలే ముందు. పక్కనే ఉండి మాస్టారు ఇన్నాళ్లూ ఆవిడ సంచీలో చిల్లర వెతుకుతోందనే అనుకున్నాడు.

"ఏమిటండీ నా కాళ్ల వంక అలా చూస్తున్నారు, కొత్తగా?" అంది ఆవిడ నాలుగో రోజున.

"చెప్పులు అరిగాయేమోనని," అన్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, మర్నాడు నిజంగానే ఒక చెప్పుల జత కొనుక్కొచ్చాడు.

ఇంక కొట్టు సంగతి. రేవు పక్కన బోటు సామాన్లు అమ్మే ఆసామిని అందరూ బోల్టు అంటారు. నూటపది కిలోల మనిషి, మనసు వెన్న. మూడు రకాల మెట్లు తీసి నేల మీద పరిచాడు. మాస్టారు చెప్పులు విప్పి ఒక్కోదాని మీదా ఎక్కి నిలబడ్డాడు. సన్నటి గొట్టం మెట్ల మీద అరికాలు జివ్వుమంది. "నీళ్లలో నానిన కాలికి ఇది కత్తిరా అబ్బాయ్," అని పక్కన పెట్టించాడు. వెడల్పు పట్టీల మీద రబ్బరు అతికించినవి నచ్చాయి. తర్వాత ఉన్నట్టుండి కొట్టు నేల మీద వెల్లకిలా పడుకున్నాడు.

"మాస్టారూ! ఏమైందండీ?" అని బోల్టు పరుగెత్తుకొచ్చాడు.

"ఏం కాలేదు. నీళ్లలో ఉన్నవాళ్లకి చెయ్యి ఇంత మటుకే లేస్తుంది. మడిచిన మెట్లు కింది నుంచి లాగితే వస్తాయో రావో చూడాలిగా? వీటిని ఆ బల్ల అంచున పట్టుకో."

బోల్టు పట్టుకున్నాడు, మాస్టారు పడుకునే లాగాడు, మెట్లు గలగలా జారి వచ్చాయి. సామాన్లు కొనడానికి వచ్చినవాళ్లు ఈయన్ని దాటుకుని వెళ్లారు.

మిగిలింది పొడవు. ఆవిడ మోకాలికి శ్రమ లేకుండా ఉండాలంటే కింది మెట్టు నీళ్ల అడుగున రెండడుగుల లోతులో ఉండాలని మాస్టారి లెక్క. మాస్టారూ బోల్టూ రేవుకి వెళ్లి బోటు వెనక పలక మీద మోకాళ్ల మీద కూర్చున్నారు. మాస్టారు టేపు చివర నట్టు కట్టి నీళ్లలోకి వదిలాడు. అలలు ఎగిసి వచ్చి ఆయన మోకాళ్లు తడిపిపోయాయి. పలక నుంచి నీటికి ఎనిమిది అంగుళాలు. మూడు మెట్లది ముప్ఫై రెండు అంగుళాలు. అచ్చంగా సరిపోయింది.

"నాలుగు మెట్లది తీసుకోండి మాస్టారూ. ఒకటి ఎక్కువైతే పోయేదేముంది, నీళ్లలోనే ఉంటుంది," అన్నాడు బోల్టు.

"కొలిచాక ఇంకా ఎక్కువెందుకురా? కొలవడం రానివాడికి కావాలి ఎక్కువ."

తను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు అన్నట్టు, మాస్టారు పట్టిన నిచ్చెనకి మూడే మెట్లు. బోల్టు నోరు మూసుకుని బిగించి ఇచ్చాడు.

ఆదివారం పొద్దున్నే ముగ్గురూ బయల్దేరారు. రేవు కనపడేంత దూరంలోనే బోటు ఆపారు. కాజాలక్క, మాస్టారు కుట్టిన నల్లటి ఈత దుస్తుల మీంచి తువ్వాలు తీసి సీటు మీద పెట్టింది.

"మాట గుర్తుందిగా?"

"ఉంది," అన్నారు తండ్రీ కూతుళ్లు, ముందు సీట్లలో బుద్ధిగా కూర్చుని.

దూకింది. ఏడాది తర్వాత ఆ చప్పుడు విని మాస్టారి మొహం విప్పారింది. ఆవిడ ఈదినంతసేపూ చూశాడు. బోటు వైపు తిరగ్గానే, మాట ప్రకారం, కళ్లు తిప్పి ఎదురుగా ఉన్న ఒడ్డు మీద పెట్టాడు. వెనక మెట్లు గలగలమన్నాయి. కాలు పెట్టిన చప్పుడు. నీళ్లు కారిన చప్పుడు. అంతలోనే మళ్లీ నీళ్లలో పడ్డ చప్పుడు.

రెండోసారి. ఈసారి ఆవిడ ఊపిరి కూడా వినపడింది, చిన్నగా మూలిగినట్టు. మళ్లీ జారింది.

"నాన్నా," అంది కూతురు, సగం లేచి. ఆయన మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టాడు. ఇంకోసారి జారితే ఆవిడ రేవు వైపు ఈదిపోతుందని, ఇంక ఏనాడూ నీళ్ల వైపు చూడదని ఆయనకి తెలుసు. ఎక్కడ తప్పాను, ఎక్కడ తప్పాను అని లోపల్లోపల లెక్కలు తిరగేసుకుంటున్నాడు.

అప్పుడు వినపడింది, టప్ టప్ మని. పలక కింద అలలు కొట్టుకుంటున్న చప్పుడు. ఆ రోజు కొలిచినప్పుడు ఈ చప్పుడు లేదు. ఆ రోజు అలలు పలక పైకి వచ్చి మోకాళ్లే తడిపాయి. ఎందుకు తడపవు, బోటు తోక మీద బోల్టు నూటపది కిలోలతో కూర్చుని ఉంటే? పక్కన తను కూడా. ఇద్దరి బరువుకీ వెనక భాగం నీళ్లలోకి దిగింది. ఇవాళ అక్కడ ఎవరూ లేరు. బోటు నాలుగంగుళాలు పైకి తేలింది, కింది మెట్టు కూడా పైకి లేచిపోయింది. నలభై రెండేళ్లు మనుషుల పొట్టల్ని నమ్మని మనిషి, బోటు పొట్టని నమ్మేశాడు.

"లే. వెనక్కి నడువు," అన్నాడు కూతురి చెవిలో. "తిరక్కు. వెనక్కే నడువు."

తండ్రీ కూతుళ్లు సీట్లు పట్టుకుని, మొహాలు ముందుకే పెట్టి, అడుగులో అడుగు వేసుకుంటూ వెనక్కి నడిచారు. చూసేవాళ్లకి పిచ్చెక్కిందేమో అనిపించేది. చివరికొచ్చి, పలకకి వీపులు పెట్టి, బోటు వెనక అంచు మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. బోటు మెల్లగా కిందికి దిగింది. టప్ టప్ ఆగిపోయింది.

తర్వాత ఒక మెట్టు. ఇంకో మెట్టు. ఊపిరి తీసుకోవడానికి ఆగింది. ఇంకోటి. మాస్టారి మెడ మీద చల్లటి చుక్కలు పడ్డాయి. ఆయన కళ్లు గట్టిగా మూసుకున్నాడు, అయినా నీళ్లు ఆగలేదు.

"లేవద్దన్నానా?" అంది ఆవిడ, పైన నిలబడి.

"మేం తిరగలేదు," అన్నాడు మాస్టారు.

"చెయ్యి కూడా ఇవ్వలేదమ్మా," అంది కూతురు.

ఆవిడ జుట్టు పిండుకుంది. "మెట్టు పొట్టిదైంది. ఎవర్ని కూర్చోబెట్టి కొలిచారు?"

"బోల్టుని."

ఆవిడ నవ్వింది. పోయినేడాది నవ్విన నవ్వు కాదు, కడుపులోంచి వచ్చింది. నవ్వీ నవ్వీ ఆయన భుజం పట్టుకుని నిలదొక్కుకుంది.

"వచ్చే వారం నాలుగు మెట్లది వేయించండి. ఈసారి సుద్దగీత నేనే గీస్తాను."

"నువ్వు గీసిన గీత మీదే కదే నేను కత్తిరించింది, ఎప్పుడూ," అన్నాడు మాస్టారు. ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. ఇన్నేళ్లూ ఆయనకి తెలియదనే అనుకుంది పాపం.

"మరి బోటు? అమ్మేయమన్నావుగా?" అని అడిగాడు మాస్టారు.

ఆవిడ పలక చివరికి వెళ్లింది.

"ఇద్దరూ అక్కడే కూర్చోండి, కదలకండి," అని మళ్లీ నీళ్లలోకి దూకింది.

మాస్టారు కదల్లేదు. చీకటి పడేదాకా కూర్చోమన్నా కూర్చునేవాడే.