గుర్రపుడెక్క, గట్టు మీది ఎలుక

నిన్న గుడివాడ నుంచి మా మరదలు ఫోను చేసింది. ఆమె బడిలో పంతులమ్మ. ఒక అడవిపూల మొక్కనూ ఒక కొండ ఎలుకనూ పోల్చి పాఠం చెప్పాలట. “బావగారూ, మీరు అన్నీ రాసి పెట్టుకుంటారుగా, నాలుగు ముక్కలు చెబుదురూ” అంది. బందరులో పుట్టి, కొండను రైలు కిటికీలోంచి తప్ప ఎరగని నన్ను అడగవలసిన ప్రశ్నేనా ఇది? విసుగు దిగమింగుకుని, కొండలేని మా ప్రాంతంలో అలాంటి పోలిక ఒకసారి జరిగిందన్నాను. జరిపినవారు దివిసీమలోని మా మావయ్య, అత్తయ్య.

మావయ్య పొలం పంటకాలువ చివర ఉండేది. ఆ ఏడాది వానకాలపు సార్వా పంట నాట్ల వేళకు కాలువనిండా గుర్రపుడెక్క పెరిగి, ఊదారంగు పూలతో పెళ్లిపందిరిలా మెరిసిపోతూ, చుక్క నీరు కిందికి రానివ్వలేదు. నారు ఎండుతోంది. మావయ్య కూలీలను దింపి ఆ మొక్కంతా లాగించి, తడి కంపు కొడుతున్న ఆ గుట్టలను తన పొలంగట్టు పొడుగునా వేయించాడు.

“ఏవండీ, ఎలుకలకి ఇల్లు కట్టిస్తున్నారా?” అంది అత్తయ్య.

“ఎలుకే నయమే. దొంగతనంగా తింటుంది గనక దానికి కాస్త సిగ్గుంది. ఇది పువ్వు పెట్టుకుని మరీ ముంచుతుంది!”

“పువ్వు గట్టెక్కితే చస్తుంది. ఎలుక గట్టెక్కితే మనం చస్తాం.”

ఏది పెద్ద శత్రువన్న ఈ వాదం నాట్లు పూర్తయినా తెగలేదు. భోజనాల దగ్గర, అప్పట్లో వాళ్లింట్లోనే ఉన్న నాకు పప్పు వడ్డించడం కూడా మరిచిపోయేవారు. ఈలోగా గుట్టలు ఎండి, మెత్తటి పరుపులయ్యాయి. వాటికింద ఎలుకలు సుఖంగా కాపురాలు పెట్టి, గట్టును జల్లెడ చేశాయి. చేను ఈనబోతూ పొట్టమీద ఉండగా ఒక తెల్లవారుజామున గట్టు తెగి, అంత కష్టపడి పెట్టిన నీరంతా మురుక్కాలువలోకి పోయింది. మిగిలిన దుబ్బులను ఎలుకలు మొదలంటా కొరికేశాయి. తిండిగింజలకైనా మిగలని ఆ చేలో నిలబడి అత్తయ్య, “ఇవి రెండూ ఎప్పుడో వియ్యమందుకున్నాయండీ. మనమే ఇంకా పోట్లాడుకుంటున్నాం” అంది.

మరుసటి సార్వాకు కాలువ మళ్లీ పూసింది. లాగిన మొక్కను అవతలిగట్టున వేస్తే పక్కరైతు ఊరుకోడు, దారిన వేస్తే బండి కదలదు. మావయ్య మళ్లీ తన గట్టుమీదే వేయించాడు. అత్తయ్య ఈసారి ఏమీ అనకుండా ఎలుకలను పట్టే బుట్టలు పెట్టేవాణ్ణి పిలిపించింది. నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతుంది: పంట పోయిన ఆ ఏడు ఆ మొక్కకూ ఆ ఎలుకకూ మరో వానకాలం, అంతే, మావయ్య జీవితంలో మాత్రం ఒక ఏడాది తిరిగిరాకుండా పోయింది.