అందరికీ ఒకటే తెర

నాకు భయం మొదలైంది ఆ హెడ్‌ఫోన్లు చూసినప్పుడు. పప్పుకు పోపు పెడుతున్న. మా కొడుకు బయటి నుంచి వచ్చి చెప్పులు విడిచిండు. వాడి మెడలో నల్లటివి, చెవులు మొత్తం మూసేసేవి, పక్కల ఎర్రటి లైటు వెలిగేవి ఉన్నయి. అట్లాంటి వస్తువు మేమెప్పుడూ కొనలేదు.

“యాడియిరా అవి?”

“అన్న ఇచ్చిండు.”

“ఏ అన్న?”

“గేమింగ్ కాడ అన్న. మంచిగ ఆడిన గదా మరి.”

మా ఇంట్లో పిల్లలలో వాడే పెద్దోడు. లాల్‌దర్వాజాలో అన్న అంటే ఎవరైనా కావచ్చు, పాలు పోసేటాయన, ఆటో నడిపేటాయన, కిరాణా దుకాణంలో పొట్లాలు కట్టేటాయన. కానీ ఆ అన్నలెవరూ నా కొడుక్కు ఊరికే ఏదీ ఇవ్వలేదు. ఏడో తరగతి పిల్లగానికి బయటి మనిషి ఒక ఖరీదైన వస్తువు ఇచ్చిండంటే, దానికి బదులు ఏం అడుగుతడు? ఆవాలు మాడి పొగ లేచినదాకా నేను గంటె పట్టుకుని అట్లనే నిలబడిపోయిన.

మా గల్లీ మలుపులో ఒకప్పుడు పిండి గిర్ని ఉండేది. ఇప్పుడక్కడ గేమింగ్ సెంటరు. షట్టర్ ఎప్పుడూ సగం దించే ఉంటది. ఏసీ చల్లదనం పోతదని అంటరు. మాదన్నపేట మార్కెట్‌కు కూరగాయలకు పోయేటప్పుడు దాని ముందర నుంచే పోత. షట్టర్ కింద నుంచి కాళ్లు మాత్రమే కనిపిస్తయి. సెలవు రోజున ఒక గంట ఆడుకొమ్మని మేమే పంపినం. అది ఎప్పుడు రోజూ అయిందో నాకు తెలవలేదు.

అన్నం దగ్గర వాళ్ల నాన్న అడిగితే దాచకుండా చెప్పిండు. “అన్న ఐడీ మీద మేం ఆడాలె. ఆడి లెవల్ పెంచాలె. పెరిగినంక అన్న ఆ ఐడీని ఎవరికో అమ్ముకుంటడు. మాకు ఆడుకునుడు ఫ్రీ.”

ఆయన నవ్విండు. మందుల దుకాణాలకు బండి మీద సరుకు వేసి వచ్చి, అలసిపోయి ఉన్న మనిషి. “అంటే మావోనికి అప్పుడే నౌకరొచ్చిందన్నట్టు. నేను డిగ్రీ చదివి మస్తు తిరిగిన, వీడు కూసున్న కాడ సంపాదించిండు.”

నాకు నవ్వు రాలేదు. పిల్లలు బయటి గదిలోకి పోయినంక, “వాన్ని ఆడికి పోనియ్యొద్దు” అన్న.

“పోవద్దంటే దొంగతనంగ పోతడు. ఇంట్లనే ఒకటి కొనిస్తే బయటికెందుకు పోతడు?”

ఆ మాట నాకు సబబనిపించింది. పండగకని దాచిన పైసలు ఉన్నయి. అవి మించొద్దని ఇద్దరం అనుకున్నం.

నేను బీకామ్ చదివిన. కంప్యూటర్ మీద లెక్కలు వేయడం వచ్చు, కానీ దాని లోపల ఏముంటదో ఎన్నడూ చూడలేదు. అన్నం ఉడికే లోపల ఫోన్‌లో వీడియోలు చూసుడు మొదలుపెట్టిన. గ్రాఫిక్ కార్డు విడిగా కొంటే మన బడ్జెట్ దానికే అయిపోతదని, ఆ పని కూడా తానే చేసుకునే ప్రాసెసర్ తీసుకుంటే ఇప్పటికి సరిపోతదని అర్థమైంది. ర్యామ్ ఒకటే పెద్ద ముక్క కాకుండా రెండు ముక్కలుగా వేయించాలి. కరెంటు ఇచ్చే డబ్బా, దాన్ని ఎస్ఎంపీఎస్ అంటరు, అది మాత్రం నాసిది తీసుకోవద్దు. మా గల్లీలో కరెంటు వచ్చేది, పోయేది తలుచుకుని ఆ చివరి మాట మనసులో గట్టిగా పెట్టుకున్న.

మానిటర్ గురించి మాత్రం నా కొడుకే చెప్పిండు. చాలా రోజుల తర్వాత నా పక్కన స్టూలు మీద కూర్చొని అంతసేపు మాట్లాడిండు.

“అమ్మా, హెర్ట్జ్ అంటే సెకనుకు బొమ్మ ఎన్నిసార్లు మారుతదో అది. ఎక్కువ మారాలె. తక్కువైతే మూల కాడ ఉన్నోడు నాకు కనిపించేసరికి నేను చచ్చిపోయి ఉంట.”

“ఆ మాట అనకు.”

“ఏ మాట?”

“చచ్చిపోయిన, చచ్చిపోయిన అని. ఇంట్ల గట్ల అనొద్దు.”

“గేమ్‌ల అమ్మా! మళ్ల లేస్త.”

అయినా నాకు ఆ మాట వినబుద్ధి కాదు. వాడు పుట్టినప్పుడు కొన్ని రోజులు అద్దాల పెట్టెలో ఉన్నడు. బయట బెంచీ మీద కూర్చున్నప్పటి భయం నన్ను ఇప్పటికీ వదలలేదు.

కంప్యూటర్ కొననీకి కోఠికి పోతే మాతో మా మరిది కూడా వచ్చిండు. మా ఇండ్లల్లో ఏ వస్తువు కొన్నా తెలిసినోన్ని వెంట తీసుకుపోవాలి. మరిదిది సంతోష్‌నగర్. ఆఫీసులో కంప్యూటర్ ముందర కూర్చుంటడు కాబట్టి ఆయనే తెలిసినోడు. దుకాణపాయన మాత్రం మా కొడుకునే అడిగిండు.

“ఏం ఆడ్తవ్ బేటా?” విని, నా దిక్కు తిరిగిండు. “చూడున్రి బాభీ, పైసలు గింతే అంటే రెండు దార్లు. సీపీయూ గట్టిది తీస్కోని మానిటర్ పాతది తీస్కోవాలె. లేకుంటే మానిటర్ కొత్తది, సీపీయూ ఆఫీసులల్ల వాడి పడేసింది. రెండు కొత్తయే కావాలంటే దుకాణం అమ్మి నేనే మీకు ఎదురియ్యాలె.”

సీపీయూ నేను అనుకున్నట్టే కుదిరింది. డబ్బా నల్లటిది, లైట్లు లేనిది. లైట్లకు పెట్టే పైసలు ఎస్ఎంపీఎస్‌కు పెట్టించిన. నా మాట విని దుకాణపాయన “బాభీ ఇంట్ల కూసోని షాపు నడిపిస్తున్నట్టున్నరు” అన్నడు. ఆ రోజు నేను సంతోషంగా ఉన్నది అప్పుడొక్కసారే.

మా కొడుకు ఒక పాత మానిటర్ ముందర ఆగిపోయిండు. ఇరవై నాలుగు ఇంచులది. చట్రం మీద ఒక మూలకు గీత పడి ఉంది. వాడు మౌస్ పట్టి బాణం గుర్తును ఇటునుంచి అటు ఉరికించిండు. “చూడమ్మా, తెగకుండ పోతున్నది.” నాకు ఏ తేడా తెలవలేదు. వాడి మొహంలో మాత్రం తెలిసింది.

“గింత చిన్నదా వదినా?” అన్నడు మరిది. “పైన గీత గూడ ఉన్నది. ఇంకొన్ని కలిపితే నలభై మూడు ఇంచుల టీవీ వస్తది. సీపీయూ దానికే పెట్టొచ్చు. అమ్మ సీరియల్ చూస్తది, మా అన్న క్రికెట్ చూస్తడు, వీడు గేమ్ ఆడ్కుంటడు. ఒక్కదానితోని ఇంటందరి పని అయితది.”

ఇంట్లో పాత టీవీకి అప్పటికే సగం తెర నల్లబడింది. మా అత్తమ్మ సీరియల్‌లో మనుషుల్ని నడుము దాకానే చూస్తున్నది.

“పెట్టొచ్చు గని భాయ్,” దుకాణపాయన అన్నడు, “టీవీల బొమ్మ జర లేటుగ వస్తది. ఉరికే ఆటలకు మజా రాదు.”

“ఎంత లేటు?”

“రెప్ప కొట్టినంత.”

“రెప్ప కొట్టినంత దానికి ఏమైతది!” మరిది నవ్విండు, మా ఆయన కూడా నవ్విండు.

మా కొడుకు చెయ్యి ఇంకా ఆ పాత మానిటర్ మీదనే ఉంది. వాడు నా దిక్కు చూసిండు. నా ఆలోచన వేరే దిక్కున ఉంది. చిన్న తెర అయితే మూలకు పెట్టుకుంటడు. దాని ముందర వంగి ఎవరితో మాట్లాడేది ఎవరికి తెలుస్తది? పెద్ద తెర అయితే ఇంటి నడుమ గోడకు ఉంటది. వంటింట్లో నిలబడ్డా నాకు కనిపిస్తది. ఏదీ దాగదు.

అనుకున్న లెక్క దాటుతదని తెలిసీ “టీవీ తీసుకుందాం” అన్న. వాడు చెయ్యి తీసేసిండు.

టీవీ గోడకెక్కినంక అత్తమ్మ కొబ్బరికాయ కొట్టి, అద్దం మీద పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. ఫ్రిజ్‌కు పెట్టింది, కుట్టుమిషన్‌కు పెట్టింది, దీనికెందుకు పెట్టదు? మా కొడుకు తుడవబోతే చెయ్యి మీద ఒకటేసింది. ఆటలో తుపాకీకి గురి చుక్క ఎర్రగా ఉంటది. ఆ చుక్క ఏదో, నానమ్మ బొట్టు ఏదో తెలవక వాడు మొదటి రోజు తికమకపడ్డడు. వాడి చెల్లెలు పడీపడీ నవ్వింది. అందరం నవ్వినం.

తర్వాత అసలు సంగతి మొదలైంది. వాడు ఆడుతుంటే ఇల్లంతా వాడి వెనుకనే.

“ఎవర్ని కాలుస్తున్నవ్ రా?” అత్తమ్మ అడిగేది.

“తెల్వదు నానమ్మా.”

“తెల్వనోన్ని కాలుస్తరారా ఎవరన్న? పాపం, వానికి ఇల్లు, పిల్లలు ఉండరా?”

“నానమ్మా, జర ఊకో.”

“ఇగో చూడు, నన్నే గద్దిస్తున్నడు. తుపాకీ పట్టినంక గిట్లనే అయితరు.”

నేను వంటింట్లో నుంచి “హెడ్‌ఫోన్లు తియ్యి, ఎవరు మాట్లాడుతున్నరో మాకు వినిపియ్యాలె” అనేదాన్ని. చెల్లెలు తెర ముందర నుంచి ఊరికే ఇటు అటు నడిచేది. సీరియల్ టైము, వాడి దోస్తులు ఆటలోకి వచ్చే టైము ఒక్కటే. రెప్ప కొట్టినంత ఆలస్యం వాడికి నిజంగనే పెద్దదైంది. సెట్టింగులు మార్చి చూసిండు. కొంచెం తగ్గింది, మొత్తం పోలేదు. తెర మీద మాటిమాటికీ వాడి మనిషి కూలిపోయేటోడు. దోస్తులు అటు నుంచి హేళన చేసేది స్పీకర్లలో మాకు కూడా వినిపించేది.

కొన్నాళ్లకు వాడే ఆడుడు బంద్ పెట్టిండు. అడిగితే “బోర్ కొట్టింది” అన్నడు. సాయంత్రాలు ట్యూషన్‌కు పోతున్న అన్నడు. అత్తమ్మ సీరియల్ నిమ్మళంగా చూసుకుంటున్నది. నేను అనుకున్నది అయిందనుకున్న. ట్యూషన్ మేడం ఫోన్ చేసి “బాబుకు ఒంట్ల బాగలేదా, వస్తలేడేంది?” అని అడిగినదాకా అనుకున్న.

చున్నీ వేసుకుని ఉరికిన. సన్నగా వాన పడుతున్నది. సాయంత్రం నమాజు అయి జనం ఇండ్లకు పోతున్నరు. గేమింగ్ సెంటర్ ముందర నల్లటి బైకు నిలబెట్టి ఉంది. షట్టర్ కింద వంగి చూసిన. చీకటి, నీలం వెలుతురు, సిగరెట్ వాసన. వరుసగా పిల్లలు. చివరి కుర్చీలో నా కొడుకు. వాడి వెనుక, వాడి మెడ మీద చెయ్యి వేసి, గడ్డం నున్నగా గీసుకున్న ఒకతను నిలబడి ఉన్నడు.

“రండక్కా,” అన్నడతను, నన్ను చూడగానే, ఎంతో మర్యాదగా. “మీవోడు మస్తు ఆడ్తడు. గిసొంటి చెయ్యి ఎవ్వరికి లేదు. రేపు పెద్ద మ్యాచ్ ఉన్నది, బడి అయినంక సీదా పంపున్రి.”

అతను గద్దిస్తే నేను తిరిగి గద్దించేదాన్ని. మర్యాదగా మాట్లాడేటోన్ని ఏమని గద్దిస్త? “లే” అన్న నా కొడుకుతో.

వాడు కళ్లు తిప్పలేదు. “నడుమల లేస్తే అన్న ఐడీ కిందికి పడ్తది అమ్మా.”

“లే అన్న గదా.”

“అయిపోనీ అమ్మా, నీ దండం పెడ్త.”

వాడి గొంతులో ఆట లేదు. భయం ఉంది. చెయ్యి పట్టి గుంజుకొస్తే రేపు ఏమైతదోనని నాకూ భయమైంది. షట్టర్ పక్కన, గోడకు ఆనుకుని, అది అయిపోయేదాకా నిలబడ్డ. అతను కుర్చీ తెచ్చి వేసిండు. నేను కూర్చోలేదు.

ఇంటికి నడిచేటప్పుడు వాడే మాట్లాడిండు. “అన్న ఏమనడమ్మా. కొట్టడు, తిట్టడు. ఓడిపోతే మాట్లాడడు, గంతే. ఓడినోనితోని ఇంకెవ్వర్నీ మాట్లాడనియ్యడు.”

“మరి ఎందుకు పోయినవ్? ఇంట్ల అంత పెద్దది ఉన్నది గద.”

మా గుమ్మం కాడికి వచ్చినంక అన్నడు, “ఇంట్ల అందరు నన్ను చూస్తరు. ఆట ఎవ్వరు చూడరు. అన్న ఆట చూస్తడు.”

అత్తమ్మ మా మాటలు గుమ్మంలో నుంచి విన్నట్టుంది. తెల్లారి నేను ఉప్మాకు ఉల్లిగడ్డ కోస్తుంటే వచ్చి పక్కన నిలబడ్డది.

“ఆ పెద్దదాన్ని వాపస్ ఇచ్చెయ్యున్రి.”

“వాపస్ తీసుకుంటే పైసలు తగ్గిస్తడు అత్తమ్మా. మరి మీ సీరియల్?”

“పాతది సజ్జ మీద ఉన్నది గద. బొమ్మ సగమే ఉన్నా మాటలన్ని ఇనొస్తయి.”

మా ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టి, తలూపి, బండి తాళాలు తీసుకుని పోయిండు. అతని నల్ల బైకు రేపూ ఆ మలుపులోనే ఉంటదని నాకు తెలుసు. మేం తెర మార్చినంత మాత్రాన అతను ఊరుకుంటడో లేదో తెలవదు. వాడు చెయ్యి పెట్టిన, గీత పడిన ఆ పాత మానిటర్ ఇంకా కోఠిలో ఉందో, ఎవరన్నా కొనుక్కుపోయిన్రో అది కూడా తెలవదు.

పిల్లలిద్దరూ యూనిఫాం వేసుకుని పీటల మీద కూర్చున్నరు. ముందు చిన్నదానితో చెప్పిన. “అన్న ఆడేటప్పుడు తెరకు అడ్డం రావొద్దు. నా పక్కన కూసోవాలె.” తర్వాత వాడి దిక్కు తిరిగిన. వాడు ప్లేటులోకే చూస్తున్నడు.

“హెడ్‌ఫోన్లు ఇయ్యి. నేనే పోయి ఆ గేమింగ్ అన్నకు ఇచ్చొస్త. నువ్వు బడి నుంచి సీదా ఇంటికి రా, కోఠికి పోదాం. నువ్వు చెయ్యి పెట్టిన చిన్నదుంటే అది, లేకుంటే అసొంటిదే ఇంకోటి నువ్వే చూడు. వంటింట్ల నా స్టూలు కాడ పెడదాం. నేను ఎనుక కూసుంట. ఎవరితోని మాట్లాడుతున్నవని అడగ. ఆట చూస్త, తెలవకుంటే నువ్వు చెప్పు. ఎన్నిసార్లు చచ్చిపోయినా సరే బిడ్డా, నేను మాట్లాడుడు బంద్ చెయ్య.”