వెనక్కి ఉరికే అమ్మాయి దారిలో

నా ఎడమ చెయ్యి నాతోపాటు నడవడం మానేసిందని మొదట కనిపెట్టింది డాక్టరు కాదు, మేఘన. కోకాపేటలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, సాయంత్రాలు ప్రగతి నగర్‌లోని మా అపార్ట్‌మెంట్ హాల్లో కొత్త డాన్సులు తయారుచేసే అమ్మాయి. హాలు తాళంచెవి నా దగ్గర ఉండేది కాబట్టి రోజూ కుర్చీ వేసుకుని చూసేవాణ్ని. ఒకరోజు, తన డాన్సులో ఒక ముసలాయన కావాలంది. బాగా బతిమాలించుకుని ఒప్పుకున్నాను. అది అబద్ధం. ఆమె మాట పూర్తికాకముందే లేచి నిలబడ్డాను.

నన్ను అటూ ఇటూ నడిపించి, ఫోన్లో వీడియో తీసి చూపించింది. కుడి చెయ్యి మామూలుగా ఊగుతోంది. ఎడమది ఒంటికి అతికించినట్టు కదలకుండా ఉంది.

"తాతా, గీ చెయ్యి ఊపుతలేవేంది?"

"అది నా స్టైలమ్మా. ముప్పై ఏళ్ల నాటకానుభవం."

నేను వేసింది ఒక్కటే నాటకం, కాలేజీలో. అందులో కాపలావాణ్ని. ఈటె పట్టుకుని నిలబడటం తప్ప పనిలేదు.

ఇంటికెళ్లి అద్దం ముందు నడిచి చూసుకున్నాను. చెయ్యి ఊపాలని గుర్తుపెట్టుకుంటే ఊగుతోంది, మరిచిపోతే ఆగిపోతోంది. నా చేతికి నేను పని చెప్పాల్సిరావడం నాకు నచ్చలేదు. మా ఆవిడ సరోజ తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. "చొక్కా గుండీలు పెట్టుకోవడానికి మీకు ఎంతసేపు పడుతోందో నేను చూడట్లేదనుకున్నారా? రేపు హాస్పిటల్‌కి వెళ్తున్నామండి," అంది.

న్యూరాలజిస్టు నాతో వేళ్లు టపటపలాడించాడు. కారిడార్లో నడిపించాడు. వెనక నిలబడి భుజాలు పట్టి ఒక్కసారి లాగితే తూలిపోయాను. "వాసనలు తెలుస్తున్నాయా?" అని అడిగాడు.

"ఈవిడ పోపు మాడ్చినా తెలియట్లేదండి."

"నేనెప్పుడు మాడ్చానండీ?" అంది సరోజ.

డాక్టరు నవ్వలేదు. "పార్కిన్సన్స్ అండీ. ఇది ప్రధానంగా మనిషిని చూసి చెప్పేదే. ఎంఆర్ఐ తీయిద్దాం, వేరే కారణం ఏదీ లేదని చూసుకోవడానికి. రెండేళ్లు భుజం పట్టేసింది, ఫ్రోజెన్ షోల్డర్ అని తిరిగారు కదా, అదీ దీని పనే అయివుండొచ్చు."

"తగ్గుతుందా డాక్టరుగారూ?" అని సరోజ అడిగింది.

"పూర్తిగా పోదమ్మా. మందుతో మేనేజ్ చేస్తాం. డాన్స్ మంచిదే, మానొద్దు. కానీ పక్కనుండేవాళ్లకి విషయం చెప్పండి."

లెవోడోపా రాశాడు. భోజనానికి అరగంట ముందు నీళ్లతో వేసుకోవాలి, ప్రోటీన్‌తో కలిస్తే సరిగ్గా ఒంటికి పట్టదు అన్నాడు. కోడీ గుడ్డూ తినని వాణ్ని, నాకేం అనుకున్నాను. కొద్దివారాల్లో గుండీలు మళ్లీ చకచకా పెట్టుకున్నాను. హాల్లో మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెబితే పాత్ర పోతుంది.

పాత్ర అంటే ఏమిటో చెప్పాలి. ఈ రకం డాన్సులో కథ ఉండదు, గజ్జెలుండవు. సాయంత్రం హైటెక్ సిటీలో ఆఫీసులు వదిలాక మెట్రో వైపు పరుగెత్తే జనం, వాళ్ల మధ్యలో నిలబడ్డ ఒక ముసలాయన. శ్రావ్య అనే అమ్మాయి స్టేజి అవతలి మూలనుంచి వెనక్కి, అంటే నాకు వీపు పెట్టి, పూర్తి వేగంతో నా మీదికి ఉరుకుతుంది. ఆమె తిరిగి చూడదు. చివరి క్షణంలో నేను పక్కకి తప్పుకోవాలి. మొత్తం డాన్సు నా భుజాల మీదే ఉందని బంధువులందరికీ ఫోన్లు చేశాను. నా పని అంతా కలిపితే పక్కకి జరగడం.

శ్రావ్య సాఫ్ట్‌వేర్ టెస్టర్. పొద్దున జిమ్, పగలు ఆఫీసు, సాయంత్రం డాన్సు. నేను మాత్ర తీయడం చూసి, "ఏం గోలీ తాతా?" అంది.

"విటమిన్."

"అయితే దీంతోని మింగు. తాకత్ వస్తది." ప్రతి రిహార్సల్‌కి ముందు వాళ్లంతా తాగే చిక్కటి షేక్ సీసా అందించింది. చాక్లెట్ పాలనుకుని తాగాను. రోజూ తాగాను. రుచిగా ఉండేది.

ఇంట్లో మాత్ర బాగానే పనిచేసేది. హాల్లో మాత్రం కాళ్లు బరువెక్కేవి. లిఫ్టు తలుపు దగ్గర పాదాలు నేలకు కరుచుకుని ఆగిపోయేవి. డాక్టరు దీన్ని ఫ్రీజింగ్ అన్నాడు. "మాత్రతోపాటు ఏమైనా తింటున్నారా?" అంటే లేదన్నాను. అది తిండి అని నాకు తట్టలేదు. డోసు పెంచాడు. లేచి నిలబడితే కళ్లు తిరిగేవి, సాయంత్రాలు మాత్రం బాగుపడలేదు.

మా డాన్సు వేయాల్సిన ఫెస్టివల్‌కి వారం ముందు, ఆడిటోరియంలో లైట్లతో మొదటి రిహార్సల్. నా మీద తెల్లటి వెలుగు పడింది. శ్రావ్య పరుగు మొదలుపెట్టింది. కాళ్లకి కదలమని చెప్పాను. పైభాగం వంగింది కానీ పాదాలు రాలేదు. ఆమె అడుగుల చప్పుడు దగ్గరికి వస్తోంది. "ఆగమ్మా" అని అరవాలనుకున్నాను, గొంతు కూడా సమయానికి లేవలేదు. ఆమె వీపు నా ఛాతీకి తగిలింది. ఇద్దరం పడ్డాం. ఆమె తన మణికట్టు మీద పడింది.

క్యాజువాలిటీలో ఇద్దరికీ పక్కపక్క మంచాలు. డ్యూటీ డాక్టరు నన్ను అడిగింది: "ఏం మందులు వాడుతున్నారు?"

మేఘన అక్కడే ఉంది. శ్రావ్య చెయ్యి పట్టుకుని నన్నే చూస్తోంది.

"లెవోడోపా," అన్నాను.

"పార్కిన్సన్స్ ఎన్నాళ్లనుంచి? ఆఖరి డోసు దేంతో వేసుకున్నారు?"

జవాబు నేను చెప్పకముందే శ్రావ్య లేచి కూర్చుంది. "షేక్‌తోని. నేనే కలిపి ఇస్తున్న రోజూ. ఏమైతది మేడమ్?"

షేక్ నిండా ప్రోటీనే, అది మాత్రని ఒంటికి పట్టనివ్వదని డ్యూటీ డాక్టరు చెప్పింది. శ్రావ్య ముఖం తిప్పుకుంది. "అడిగితే విటమిన్ అన్నవ్ కద తాతా. నాతోని నీ మందు ఖరాబ్ చేయించినవ్," అంది. ఆ మాట గుచ్చుకున్నంతగా, పడ్డప్పుడు తగిలిన మోకాలి నొప్పి గుచ్చుకోలేదు.

ఎక్స్‌రేలో ఎముక విరగలేదు. బెణికింది, కట్టుతో ఆడొచ్చు అన్నారు. మేఘన నన్ను బయటికి పిలిచింది. "ఇగ నిన్ను పెట్టుకోలేను తాతా. నీ ఫికర్ ఒకటి, పిల్ల ఫికర్ ఇంకొకటి. దాని తల నేలకి తగిలుంటే?"

ఏమీ కాదని డాక్టరు భరోసా ఇచ్చాడని మొదలుపెట్టబోయి మానుకున్నాను. ఇవ్వలేదు.

లోపలినుంచి శ్రావ్య పిలిచింది. "ఉరికేది నేను. నేను చెప్త. ఉరికే ముందు స్టేజి మీదనే అడుగుత, జరుగుతవా అని. జరుగుతనంటేనే ఉరుకుత. నిజం చెప్తవా?"

"చెప్తాను."

"గట్లనే అంటవ్ నువ్వు."

ఆ షరతు మీద మేఘన సరేనంది. ఆ వారం మాత్ర నీళ్లతోనే వేసుకున్నాను. డాక్టరు డోసు మళ్లీ తగ్గించాడు. ప్రతి రిహార్సల్లో "జరుగుతాను" అన్నాను, జరిగాను.

ఫెస్టివల్ రోజు మా డాన్సు మొదలయ్యే వేళ చూసుకుని మాత్ర వేసుకున్నాను. ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చారు. జ్యోతి వెలిగించారు. ఒకరి తర్వాత ఒకరు మాట్లాడారు. తెర వెనక బెంచీ మీద కూర్చుని, ఒక్కొక్క ఉపన్యాసానికీ నా ఎడమకాలు బిగుసుకోవడం గమనిస్తున్నాను. తర్వాతి మాత్రకి ఇంకా వేళ కాలేదు. "ఎట్లుంది?" అని మేఘన అడిగితే, "ఇప్పటికి ఫరవాలేదు," అన్నాను. అది నిజం. స్టేజి మీదికి నడిచే వెళ్లాను.

వెలుగు పడింది. జనం నా చుట్టూ ప్రవహించారు, తప్పుకున్నారు. దూరంగా శ్రావ్య వీపు, చేతికి తెల్ల కట్టు. సంగీతం ఆగింది.

"తాతా, జరుగుతవా?"

కాలెత్తి చూశాను. రాలేదు. ఎదురుగా చీకట్లో మా బంధువులున్నారు, అందరినీ నేనే పిలిచాను. జరుగుతాను అనే మాట నాలుక మీదే ఉంది.

"లేదమ్మా. కాలు రావట్లేదు."

శ్రావ్య ఉరకలేదు. వెనక్కి తిరిగి నా దాకా నడిచొచ్చింది. తన పాదం నా పాదాల ముందు అడ్డంగా పెట్టి, "దాటు" అంది. దాటడానికి ఏదైనా కనిపిస్తే ఫ్రీజింగ్ వదులుతుంది. హాస్పిటల్లో ఫిజియోథెరపిస్టు మా ఆవిడకి చెప్పిన ఉపాయం, ఆ వారంలో ఆవిడ శ్రావ్యకి నేర్పింది. దాటాను. మళ్లీ పెట్టింది, మళ్లీ దాటాను. అలా స్టేజి దాటి వెళ్లిపోయాం. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. సరే, మొదటి వరస లేచింది, అందులో సగం మా వాళ్లే. అదంతా ముందే అనుకున్నదా అని అడిగినవాళ్లకి అవునన్నాను. కాదు.

ఇప్పుడు రోజుకి కొన్ని మంచి గంటలు, కొన్ని మొండి గంటలు. డాక్టరు భాషలో ఆన్, ఆఫ్. మాత్రలు మారాయి, జబ్బు మారలేదు. హాలుకి వెళ్తూనే ఉన్నాను. ఈ జబ్బున్నవాళ్లకి నేను చెప్పగలిగింది ఒక్కటే. మీ మాత్ర పేరు, వేసుకునే వేళ, దేంతో వేసుకోకూడదో ఇంట్లోవాళ్లకే కాదు, బయట మీ పక్కన నిలబడేవాళ్లకి కూడా చెప్పండి. వాళ్లు ప్రేమగా ఏదో ఒకటి చేతికిస్తారు. తెలియకపోతే వాళ్లకీ దెబ్బే.

మేఘన కొత్త డాన్సు మొదలుపెట్టింది. శ్రావ్య రోజూ సాయంత్రం ఆఫీసునుంచి బయలుదేరేముందు ఫోన్ చేస్తుంది. "ఆనా, ఆఫా తాతా?" అంటుంది. ఆఫ్ అయితే ఆఫ్ అనే చెబుతున్నాను. ఆమె తిరిగి చూడకుండా ఉరికే మనిషి.