చిమచిమ మొదలైనప్పుడే

నిన్న కోడలు బార్లీ ఉడికిస్తుంటే ఆ గంజి వాసనకు నాకు నవ్వొచ్చింది, వెనకే కళ్లూ చెమర్చాయి. ఆ వాసన తగిలితే నాకు హబీబ్ డాక్టరుగారే గుర్తొస్తారు.

ఎనభైల చివర్లో అమీర్‌పేటలో అద్దె గది, ఎర్రమంజిల్‌లో గుమాస్తా ఉద్యోగం. చెప్పుకోలేని చోట పొక్కులు లేచేవి, మానేవి, మళ్లీ లేచేవి. మా గోదావరి వాళ్లకు ఒంటిమీద ఏం లేచినా వేడి చేసినట్టే లెక్క! చెంబులకొద్దీ బార్లీ నీళ్లు తాగాను. చివరికి సిగ్గు చంపుకుని పంజాగుట్టలో ఆయన క్లినిక్ మెట్లెక్కాను. హెర్పిస్ అన్నారు. ఎసైక్లోవిర్ అనే మాత్ర అప్పుడప్పుడే మందుల షాపుల్లోకి వస్తోంది. అది రాసిచ్చి, చిమచిమ మొదలవగానే వేసుకోమన్నారు. నేనేమో ఆ చిమచిమా వేడేననుకుని మళ్లీ బార్లీ తాగి, పొక్కులు బాగా తేలాక వెళ్లాను.

"ఏం మియా, నాకు చూపించనీకి పెంచినవా గీ పొక్కులు?" అని అరిచారు. "గిది వేడి కాదు. నరంల పండుకొని ఉంటది, పూర్తిగ పోదు. లేచే ముందు జర చిమచిమ అంటది, గప్పుడే గోలీ వెయ్యాలె."

తరువాతిసారి అలాగే చేశాను. పొక్కులు తేలకుండానే సద్దుమణిగింది. ప్రాణం లేచొచ్చిందనుకోండి!

అంతలో యూసుఫ్‌గూడలో టీచరుగా చేస్తున్న సుజాతతో సంబంధం కుదిరింది. పెళ్లయ్యాక మెల్లగా చెబుతానన్నాను డాక్టరుగారితో. ఆయన కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు.

"పెళ్లయినంక చెప్తే అది చెప్పుడు కాదు బేటా, దొరికిపోవుడు. పొక్కు లేనప్పుడు సుత గీ రోగం అంటుకోవచ్చు. ఆ పిల్లకు తెల్వొద్దా? తోలుకొనిరా, ఏమడిగినా నేను చెప్త."

"కాదంటేనండీ?"

"అంటే అంటది. ఆమె ఇష్టం."

సుజాతకు చెప్పాను, ఆయన దగ్గరకు తీసుకెళ్లాను. పుట్టబోయే పిల్లల సంగతేంటని ఆమె సూటిగా అడిగింది. కాన్పు చేసే డాక్టరుకు ముందే చెప్పి జాగ్రత్తపడాలని ఆయన విడమరిచి చెప్పారు. బయటికొచ్చాక ఆమె నాకంటే ముందు బస్టాపుకేసి గబగబా నడిచింది. ఇక అయిపోయింది అనుకున్నాను.

"తర్వాతెప్పుడో తెలిసుంటే మీ మొహం చూసేదాన్ని కాదు," అంది బస్టాపు దగ్గర ఆగి. "మావాళ్లు ముహూర్తం చూస్తున్నారు. చూడనివ్వండి."

డాక్టరుగారు పోయి చాలా ఏళ్లయింది. ఆయనంత నిక్కచ్చిగా నాతో మాట్లాడినవాళ్లు మళ్లీ దొరకలేదు, ఆ లోటు ఇప్పటికీ బాధిస్తుంది. ఇన్నేళ్ల తరువాత కూడా ఎప్పుడైనా చిమచిమ మొదలైతే, ముందు సుజాతకు చెబుతాను. మాత్ర ఆ తరువాతే.