బండి ఈడ ఆగింది

మా కాలనీ ఫైర్ సారు పోయారు. ఆ కబురు నాకు మనిషి నోటి ద్వారా కాదు, కాలనీ వాట్సాప్ గ్రూపులో తెలిసింది. మూడిళ్ల అవతలి మనిషి చావును ఫోన్లో చూసి తెలుసుకున్నానంటే నేనెలాంటి పొరుగువాణ్ణో మీకు అర్థమయ్యే ఉంటుంది. మొదటి మెసేజ్ కమిటీ అధ్యక్షుడిది: 'తీరని లోటు.' దాని కింద వరుసగా దండం పెట్టే చేతుల బొమ్మలు. అవి పెట్టినవాళ్ల అసలు చేతులు కూడా ఒకనాడు వరుసగా లేవడం చూశాను. వాటిలో నాదీ ఒకటి.

కరీంనగర్ బైపాస్ అవతల, నిన్నమొన్నటి దాకా వరి పండిన పొలాల్లో లేచిన కాలనీ మాది. ఫైర్ స్టేషన్‌లో చేసి రిటైరైన సారు మా అందరికంటే ముందు ఇక్కడ ఇల్లు కట్టుకున్నారు. ఒక ఎండాకాలం రెండో గల్లీలో వంటిల్లు అంటుకుంది. ఫైరింజను మలుపు దాకా వచ్చి, ఎవరో ఇల్లు కట్టడానికి రోడ్డు మీద పోసిన ఇసుక కుప్ప దగ్గర నిలబడిపోయింది. మనుషులు దక్కారు, ఇల్లు దక్కలేదు. ఆ సాయంత్రమే సారు ఇంటింటికీ తిరిగి మమ్మల్ని పోగేశారు. గల్లీకి ఇద్దరు: ఒకరు విజిల్ ఊదాలి, ఇంకొకరు కరెంటు మెయిన్ దించాలి. చేతిబండి మీద ఒక చిన్న పంపు, దాని బాధ్యత వెల్డింగ్ షాపు భాయ్‌ది. తడి గోనెసంచితో సిలిండర్ మంట ఆర్పడం ఆడవాళ్లకు నేర్పారు. మా ఆవిడ నాకంటే బాగా నేర్చుకుంది. పార్కు మూలన వేసుకున్న రేకుల షెడ్డే మా స్టేషన్.

"ముందుగాల నీళ్లు కాదు. లోపల ఎవరున్నరో అడుగుండ్రి. ఇల్లు మళ్ల కట్టుకోవచ్చు" అనేవారు. బకెట్ పట్టుకుని ఉరికేవాళ్లంటే ఆయనకు మహా చిరాకు.

అన్నిటికంటే చిత్రం ఆదివారం పొద్దుటి పని. ఫైరింజను వెడల్పుకు కొలిచి కోసిన వెదురు కర్ర ఒకటి ఉండేది. ఇద్దరం చెరో కొస పట్టుకుని, దాన్ని రోడ్డుకు అడ్డంగా మోస్తూ గల్లీలన్నీ తిరగాలి. ఎక్కడ తగిలితే అక్కడ ఆగాలి. పూలకుండీ కానీ, బైకు కానీ, ఏదైనా సరే. సారు ఆ ఇంటి తలుపు కొట్టి, "బండి ఈడ ఆగింది" అని మెట్టు మీద కూర్చునేవారు. అడ్డం తీసేదాకా లేచేవారు కాదు. చాయ్ ఇస్తే తాగేవారు, అయినా లేచేవారు కాదు. మొదట్లో నవ్వుకుంటూ తీసేవాళ్లం. తర్వాత ఇళ్ల ముందుకు కార్లు వచ్చాయి.

నేనూ కొన్నాను. కారు లోపలికి ఎక్కాలంటే ర్యాంపు కావాలి, ఆ ర్యాంపు కాస్తా రోడ్డు మీదికి వచ్చింది. ఆ ఆదివారం మా అత్తగారి తరఫువాళ్లు హాల్లో కూర్చుని ఉండగా కర్ర తగిలింది.

"తమ్మీ, బండి ఈడ ఆగింది."

"సారూ, చుట్టాలున్నరు. జర ఇజ్జత్ తియ్యకుండ్రి."

"చుట్టాలు సుత మనుషులే గద. ఆళ్లు లోపలుండంగనే అంటుకుంటె?"

శుభమా అని చుట్టాలొస్తే ఈ అపశకునపు మాటలేమిటని నాకు ఒళ్లు మండిపోయింది. తర్వాతి మీటింగులో అధ్యక్షుడు షెడ్డు తీసేసి కమిటీకి ఆఫీసు గది కడదామన్నాడు. "గింత కాలనీకి ఫైర్ డిపార్ట్‌మెంటా? ఫోన్ కొడితె బండొస్తది" అని నవ్వి, సరేననేవాళ్లు చేతులు లేపమన్నాడు. లేపాను. సారు నా వైపు చూసి, కర్ర భుజాన వేసుకుని ఇంటికి పోయారు. పంపును ఎవరో బావి తోడడానికని పట్టుకుపోయారు, అది మళ్లీ రాలేదు.

ఏడాది తిరగలేదు. నేనూ మా ఆవిడా హుస్నాబాద్‌లో పెళ్లికి పోయిన ఓ మధ్యాహ్నం మా ఇంట్లో ఇన్వర్టర్ అంటుకుంది. లోపల మా అవ్వ ఒక్కతే, తుంటి ఎముక విరిగి మంచంలో ఉంది. డెబ్బై దాటిన సారు ఒక్కరే వచ్చి, పక్కింట్లో తాళం చెవి అడిగి, మెయిన్ దించి, తడి దుప్పటి కప్పుకుని లోపలికి పోయారట. ఏ గదీ వెతకకుండా నేరుగా వెనక గదికే. అవ్వను దుప్పట్లో చుట్టి ఈడ్చుకొచ్చారు. ఫైరింజను రానే వచ్చింది, గల్లీ మొదట్లోనే ఆగిపోయింది. నా ర్యాంపును చూసి ధైర్యం తెచ్చుకుని నా తర్వాత కట్టినవాళ్ల ర్యాంపు దగ్గర. వాళ్లు అక్కడి నుంచి పైపులు లాక్కొచ్చేసరికి రెండు గదులు బూడిదయ్యాయి.

మేం వచ్చేసరికి అవ్వ సారు వాళ్లింట్లో ఉంది. ఆయన దగ్గుతున్నారు.

"పరేషాన్ గాకు తమ్మీ. అవ్వకేం కాలే. జరంత చాయ్ సుత తాగింది."

షెడ్డు మాట ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్టినా బాగుండేది. కాళ్ల మీద పడాల్సిన నేను, "దండం సారూ" అని అవ్వను తీసుకుని వచ్చేశాను. కాలిన గదులకు రంగులేయించాను. ర్యాంపు జోలికి మాత్రం పోలేదు, సిగ్గులేని జన్మ.

ఆ తర్వాత ఆయన ఛాతీ బాగుపడలేదు. ఆ పొగ వల్లేనని డాక్టరు అనలేదు, కాదని నేను అనుకోలేను. మంచాన పడ్డాక రెండుసార్లు పోయాను, మాఫ్ చెయ్యమని అడుగుదామనే. రెండుసార్లూ ఎండల గురించి మాట్లాడి లేచి వచ్చాను. ఇప్పుడు కమిటీ ఆఫీసు గోడకు ఆయన ఫ్లెక్సీ కట్టారు. ఆ గది దేన్ని పడగొట్టి కట్టిందో దాని మీద రాయలేదు.

పదోనాడు సారు భార్య నా చేతికి ఒక నోటుబుక్కు ఇచ్చింది. ఇంటికో వరుస. నడవలేనిది ఎవరు, పడుకునేది ఏ గదిలో, అంటుకుంటే ముందు పోవాల్సింది ఎవరు. షెడ్డు పోయాక కూడా రాస్తూనే ఉన్నారు. మా ఇంటి వరుసలో, 'అవ్వ. వెనక గది. పోవాల్సింది: నేను.' చివరి వరుస ఆయన ఇల్లే, ఆమె చేతిరాత. 'ముందు గది. మంచం దిగలేడు.' పోవాల్సిన మనిషి దగ్గర నా పేరుంది.

"ఆయన చెప్తుంటె నేనే రాసిన" అంది. "నీ షెడ్డు తియ్యనీకి చెయ్యి లేపినోడే గదా, గాయన పేరెందుకు అని అడిగిన. నాకెర్కనే, రాయి, అస్తడు అన్నడు."

ముందు గదిలో ఆయన మంచం ఇంకా అలాగే ఉంది. గోడకు కాకుండా సరిగ్గా గుమ్మానికి ఎదురుగా, నేను వచ్చి లాగడానికి వీలుగా.